కింది గదిలో గాలి

ఆరేళ్లుగా ఇది నా గొంతులో ముల్లు. మింగలేను, కక్కలేను. ఇంట్లోవాళ్లకు చెప్పడానికే ఇంతకాలం పట్టింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు మొదటినుంచీ, ఏదీ దాచకుండా చెబుతున్నాను.

దోహాలో ఇల్లు కొన్నాం. అంతకుముందు ఐన్ ఖాలిద్‌లో, విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన ఒక వాటాలో ఉండేవాళ్లం. పక్కవాళ్లు పోపు వేస్తే మాకు పొలమారేది. సొంత గోడలు కావాలని నాకు పిచ్చి పట్టింది. పిచ్చే, తగ్గించి చెప్పను. మా ఆయన రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. గ్యాసు మధ్య బతికే మనిషి కనుక అన్నీ అనుమానాలే. భూమి లోపల గది ఉన్న ఇల్లు కదా, కొనేముందు రాడాన్ పరీక్ష చేయిద్దామన్నాడు. రాడాన్ నేలలోంచి వచ్చే వాయువు. రంగు ఉండదు, వాసన ఉండదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ రావచ్చు.

పరీక్ష చేసేవాళ్లు పైన హాల్లో ఒకటి, కింది గదిలో ఒకటి చిన్న డబ్బాలు పెట్టి, తలుపులు మూసే ఉంచమని వెళ్లారు. ఫలితం చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేనే మాట్లాడాను. పైన ఫరవాలేదట. కింద చాలా ఎక్కువట. నేల కింద పైపు వేసి, ఆ గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టించేదాకా అక్కడ ఎవరినీ పడుకోనివ్వొద్దన్నారు. ఆ ఇంటి కోసం ఇంకొకరు కాచుకుని ఉన్నారు. ఈ మాట వింటే మా ఆయన ఇల్లే వద్దంటాడు. సాయంత్రం ఆయన అడిగితే అంతా బాగానే ఉందన్నాను. రిపోర్టు చూపించమని కూడా అడగలేదు. నన్ను అంతగా నమ్మాడు.

మనం పడుకునేది పైనే కదా అనుకున్నాను. మనం అంటే ఎవరెవరు? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదా? తట్టింది. రమణమ్మ గుర్తొచ్చింది, గుర్తొచ్చాకే నోరు మూసుకున్నాను. ఈ ముక్క ఇంట్లో ఇంకా చెప్పలేదు.

రమణమ్మ మా ఇంట్లో పనిచేస్తుంది. కొత్తింట్లోకి మారగానే వచ్చి చేరేలా, కింది గదిలో ఉండేలా అప్పటికే మాట్లాడుకున్నాం. రాయచోటి వైపు మనిషి. అంతకుముందు పనిచేసిన ఇంట్లో వంటగదిలో చాప మీద పడుకునేదట. కింది గది చూపిస్తే గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంది. కిటికీ లేకపోతే ఏం, నాదంటూ ఒక తలుపుంది అంది. ఆ సంతోషం చూశాక కూడా నాకు బుద్ధి రాలేదు. ఫ్యాను పెట్టించాలంటే ఎందుకో మా ఆయనకు చెప్పాలి. ఇవాళ రేపు అంటూ ఏళ్లు దొర్లించాను.

మా బాబును మాత్రం ఒక్కరోజు కూడా ఆ మెట్లు దిగనివ్వలేదు. బంతి కోసం పరిగెత్తినా రెక్క పట్టి లాగేదాన్ని. అది తన మీద ప్రేమ అనుకుంది రమణమ్మ. మా అక్క నా నిద్ర చెడగొట్టనీదు, పిల్లోణ్ణి కూడా కిందికి రానీదు అని పార్కులో తోటివాళ్లకు గొప్పగా చెప్పుకునేది. నేను పక్కనే ఉండి విన్నాను. నవ్వాను కూడా. ఛీ, ఏం మనిషిని నేను?

ఈ చలికాలం నుంచి ఆమెకు దగ్గు. దుమ్ము వల్లే అంటుంది. దుమ్మే కావాలని రోజూ మొక్కుతున్నాను. నా మొక్కు ఏ దేవుడు వింటాడు?

మొన్న శుక్రవారం భోజనాల దగ్గర బాబు కింది గది తనకిమ్మని పేచీ పెట్టాడు. మా ఆయన సరేనన్నాడు. తాను పైన ఎక్కడో సర్దుకుంటానంది రమణమ్మ. వాడు అక్కడ పడుకోవడానికి వీల్లేదని కంచం తోసేసి అరిచాను. ఎందుకన్నాడు మా ఆయన. ఇక నావల్ల కాలేదు. అందరి ముందూ చెప్పేశాను. ఆయన తల పట్టుకున్నాడు. రమణమ్మ నీళ్ల జగ్గు పట్టుకుని అలాగే నిలబడింది.

"పిల్లోణ్ణి కిందికి రానీకుండా ఉండింది అందుకేనా అక్కా?"

"అవును" అన్నాను.

"నాకు తెలీక అందరికీ చెప్పుకుంటి గదా" అంది.

రేపు ఆమెను స్కానింగ్‌కు తీసుకెళ్తున్నాం. ఆమె పరుపు పై గదికి మార్చాం. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆ గది సంగతిలో నేను ఆమెతో చెప్పిన నిజం ఆ "అవును" ఒక్కటే. అది బయటికి వచ్చాక గొంతులో ముల్లు కాస్త కదిలింది. ఇన్నాళ్లూ కింది గదిలోంచి పైకి వినపడని దగ్గు ఇప్పుడు మా గోడ అవతలి నుంచి వినిపిస్తోంది.