కవరు విప్పిన కాలు

ఉదయం ఇసుక తట్ట తలకెత్తుకునే ముందు అక్కయమ్మ తోటి కూలీల కాళ్లు చూస్తుంది. ఎవరి పాదానికైనా ప్లాస్టిక్ కవరు కనబడితే విప్పించిగాని పనిలోకి పోనివ్వదు.

1998లో ఆ కవరు ఆమె కాలికే ఉండేది. కదిరి వైపు నుంచి పట్నానికి వలస వచ్చి, మారతహళ్ళిలో ఫ్లాట్లు కట్టేచోట కూలికి కుదిరిన ఏడు అది. సెంట్రింగ్ చెక్కకున్న తుప్పు మేకు ఎడమ పాదంలో దిగింది. సిమెంటు నీళ్లు పుండును కొరుక్కుతింటాయని కూలీల భయం. అందుకే గాయంలో పసుపు కూరి, కవరు చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించేవాళ్లు. ఆమెకు వదిన పుల్లమ్మే కట్టింది. అక్కయమ్మ ఆ కాలితోనే పని చేసింది. జ్వరం వచ్చి, పాదం ఉబ్బి, వేళ్లు నల్లబడి, కుళ్లు వాసన కొట్టాకే ఆసుపత్రికి వెళ్లింది.

సర్జన్ ఛాయాదేవి పాదం నొక్కింది. చర్మం కింద బుడగలు చిటపటలాడాయి.

"గాలి తగలని చోట పెరిగే క్రిములమ్మా ఇవి. మూత వేసి మీరే పెంచినారు. చచ్చిన కండ కోసేస్తా. గాయం కుట్టను, తెరిచే ఉండాల. రేపటికి నలుపు పైకి పాకితే కాలు తీసేయాల్సిందే."

"కాలు లేకుంటే తట్ట మోసేదెట్ల మేడం? ఎంతన్నా కోయండి, పాదం మిగలాల."

కోశారు. పెన్సిలిన్, మెట్రోనిడజోల్ నరానికి ఎక్కించారు. గాయం మీద పలచటి గుడ్డ మాత్రం వదులుగా పరిచారు. వాసన వార్డంతా నిండింది.

పక్క మంచం రత్నమ్మ ముక్కు మూసుకుంది. "ఏమ్మా, మంచం కింద ఎలుక చచ్చుండాదా?"

"ఎలుక కాదక్కా, నా కాలే. వాసన నీకు, నొప్పి నాకు. మార్చుకుందామా?"

పుల్లమ్మకు తల కొట్టేసినట్టయింది. సంచిలోంచి పసుపు, పాత చీర ముక్క తీసింది. "నలుగురూ ముక్కు మూసుకుంటా ఉండారు. కాసేపు గట్టిగా కడతా."

"తాకినావంటే చూడు వదినా! సిగ్గు నీది, కాలు నాది."

పుల్లమ్మ గుడ్డ మళ్లీ సంచిలో పెట్టుకుంది.

మర్నాడు చూస్తే నలుపు వేళ్ల దగ్గరే ఆగి ఉంది. రెండు వేళ్లు తీసేశారు. రోజూ గాయం కడిగేటప్పుడు అక్కయమ్మ మంచం పట్టె పట్టుకుని పళ్లు బిగించేది. ఎర్రటి కండ కనబడ్డాక తొడ చర్మం తీసి గాయం మీద అతికించారు.

ఇప్పుడు అదే పట్నంలో, హూడిలో పని. "డాక్టరమ్మ వచ్చిందప్పా, కాళ్లు చాపండి!" అని మేస్త్రీ కొండయ్య ఎగతాళి చేస్తాడు. ముందు ఆమె అతని కాళ్లే చూస్తుంది. తర్వాత తట్ట ఎత్తుకుని నాలుగో అంతస్తుకు ఎక్కుతుంది.

ఎడమ పాదానికి మూడు వేళ్లు.