పంపులు కడిగే బోరు

మా ఊళ్లో పురుగుమందు కలిసిన నీళ్లనే తాగడానికి పంపుతున్నారు.

లింగంపేట దగ్గర మా ట్యాంకుకు నీరెక్కించే బోరు వరిచేల మధ్య ఉంది. చిన్నప్పుడు ఆ చేల కాలువలో దోసిలి పట్టి తాగినవాణ్ని. ఇప్పుడు చేలకు మందు కొట్టినవాళ్లు ఆ పిచికారీ పంపు ఇంటికి తెస్తే పిల్లలు ముట్టుకుంటారని భయపడి, బోరు దగ్గరి గచ్చు మీదే కడిగేసి వస్తారు. గచ్చు పగిలి ఉంది. కడిగిన నీరు ఆ పగుళ్లలోంచి బోరులోకే దిగి, నల్లాల్లోంచి ఆ పిల్లల గ్లాసుల్లోకే వస్తుంది.

మనుమరాలికి మళ్లీ వాంతులైన రోజు, బీడీలు చుడుతూనే నా భార్య అంది: "ఊకె పేపర్లు చదువుతవు. గా నీళ్ల సంగతి జర అడగరాదు?"

ఎల్లారెడ్డిలోని మంచినీళ్ల ఆఫీసు చుట్టూ తిరిగాను. బోరు మార్చమన్నాను, అప్పటిదాకా బొగ్గు ఫిల్టరైనా పెట్టమన్నాను. వాళ్లు బ్లీచింగ్ పౌడర్ పెంచారు. దానికి క్రిములు చస్తాయి, పురుగుమందు పోదు. నీళ్లు పరీక్ష చేయించమని పట్టుబట్టాను.

సీసాలో నీళ్లు పట్టుకుపోయిన సారు నిన్న ఫోన్ చేశాడు:

"బాపూ, నీళ్లు మంచిగనే ఉన్నయి. పురుగుమందు చూసే మిషన్ మా తాన లేదు. గందుకే మందు ఉన్నట్టు రాయలే. ఇగ తాగుండ్రి."