గెలిపించినాయన్ని అడగడానికి

సింగపూర్‌లో అధ్యక్ష ఎన్నికల ఫలితం తేలిన మర్నాడు పొద్దున్నే మా అత్తయ్య తలంటుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, ఇంక మన పని అయిపోయినట్టే అంది. ఆవిడ ఓటేసినాయన గెలిచాడు. మామూలు గెలుపు కాదు, పోటీ చేసిన మిగతావాళ్ళు సోదిలో లేకుండా పోయారు. ఆ సంబరంలో నాకు కాఫీ కూడా ఆవిడే కలిపిచ్చింది.

పని అంటే చిన్నత్తయ్య సంగతి. అక్కాచెల్లెళ్ళిద్దరూ మలేషియాలో కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగినవాళ్ళు. అక్క పెళ్ళి చేసుకుని సింగపూర్ వచ్చేసింది, చెల్లెలు అక్కడే ఉండిపోయింది. భర్త పోయాడు, పిల్లల్లేరు. బెడోక్‌లో మా ఫ్లాట్‌కి వస్తుంది, ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని తెల్లవార్లూ గుసగుసలాడుకుంటారు, గడువు తీరగానే ఆవిడ బస్సెక్కి సరిహద్దు దాటి వెళ్ళిపోవాలి. ఇక్కడే ఉండనివ్వమని రెండుసార్లు దరఖాస్తు పెట్టాం. తల్లికైతే దారి ఉందట, చెల్లెలికి లేదట. బ్లాకు కింద సాయంత్రంపూట జనం గోడు వినడానికి కూర్చునే ఎంపీ దగ్గరికీ వెళ్ళొచ్చాం. మర్యాదగా విన్నారు, మర్యాదగానే కుదరదన్నారు.

అందుకే అత్తయ్య ఆశంతా ఈ ఎన్నిక మీద పెట్టుకుంది. దేశమంతా కలిసి ఒక్కణ్ణి గెలిపిస్తే, ఆ ఒక్కడి మాట కాదనేవాడెవడని ఆవిడ లెక్క.

చాంగీ బిజినెస్ పార్క్‌లో పొద్దస్తమానం పవర్ పాయింట్లు చూపించే మా ఆయన, ఆ రాత్రి భోజనాల దగ్గర తల్లికీ పాఠం మొదలెట్టాడు. ఇక్కడ అధ్యక్షుడు పాలించడనీ, పాలించేది పార్లమెంటులో గెలిచినవాళ్ళనీ, దేశం దాచుకున్న సొమ్ము తియ్యాలంటే ఈయన కూడా ఒప్పుకోవాలి గనక ఈయన దగ్గరుండేది ఖజానాకి రెండో తాళంచెవి మాత్రమేననీ, వీసాలూ పాసులూ ఆయన చేతిలో ఉండవనీ. అత్తయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

"మరయితే మనల్నెందుకు అడిగారు? చేతికర్ర పట్టుకుని ఆ ఎండలో నేనెందుకు నిలబడ్డాను?"

నాకు ఒళ్ళు మండింది. నేను పుట్టిన దేశంలోనూ రాష్ట్రపతి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు, కానీ అక్కడ ఆయన కోసం మా గుంటూరు జనాన్నెవరూ లైన్లో నిలబెట్టలేదు. ఉత్త తాళంచెవికి కాపలా అయితే ఇంత ప్రచారం, ఇన్ని పోస్టర్లు, ఓటు వెయ్యకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తామన్న బెదిరింపు దేనికి? ఆ మాటే పైకి అన్నాను. మా ఆయన పెరుగు గిన్నె నా వైపు జరిపాడు.

దీపావళికి అధ్యక్ష భవనం గేట్లు జనానికి తెరుస్తారు. ఎవరైనా లోపలికెళ్ళి తోట చూసి రావచ్చు, అదృష్టముంటే ఆయన కూడా ఎదురవుతాడు. అత్తయ్య నన్ను బయల్దేరదీసింది. అప్పటికి చిన్నత్తయ్య మా ఇంట్లోనే ఉంది, గడువు మర్నాటితో ఆఖరు. అక్కకి పట్టుచీర కుచ్చిళ్ళు తనే సర్ది, మొహమాటపడకుండా అడగమని మరీ మరీ చెప్పి పంపింది. ట్రైన్లో దారి పొడుగునా అత్తయ్య పెదాలు కదుపుతూనే ఉంది. ఇంగ్లీషులో ఒక ముక్క, మలాయ్‌లో ఒక ముక్క, అడగాల్సిన మాటలన్నీ వల్లె వేసుకుంటోంది. వద్దు అత్తయ్యా అందామని నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూసి అనలేకపోయాను.

పచ్చికలో గంటకు పైగా నిలబడ్డాక ఆయన నిజంగానే వచ్చాడు. నవ్వుతూ, అందరికీ చేతులిస్తూ వస్తున్నాడు. అత్తయ్య చేతినీ రెండు చేతులతో పట్టుకుని పండగ శుభాకాంక్షలు చెప్పాడు. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అనుకుంటున్నాను. ఆవిడ ఆయన మొహంలోకి చూసి, ఆయన్ని ఆనుకుని నిలబడ్డ మనుషులకేసి చూసి, తల ఊపి ఊరుకుంది. ఆయన ముందుకు సాగిపోయాడు.

చెట్టు నీడన బెంచీ మీద కూలబడ్డాక, ఎందుకు అడగలేదన్నాను.

"చూశావు కదమ్మా. ఎటు నడవాలో, ఎప్పుడు కదలాలో అన్నీ పక్కవాళ్ళే చెప్తున్నారు. పాపం, ఆ మనిషిని నేనేం అడగను?"

మా ఆయన అన్ని మాటలు చెప్పినా ఎక్కనిది ఆవిడకి ఆ ఒక్క నిమిషంలో ఎక్కింది. ఎక్కకపోయినా బాగుండేదని నాకు ఏడుపొచ్చింది. కనీసం తిరుగు రైలెక్కేదాకానైనా ఆశ ఉండేది.

ఇంటికొచ్చేసరికి చిన్నత్తయ్య గుమ్మంలోనే ఉంది, చెప్పులు కూడా విప్పనివ్వకుండా అడిగావా అక్కా అంది. అత్తయ్య చెప్పులు విప్పుతూ, తల ఎత్తకుండా, "అడిగాను. చూస్తానన్నాడు," అంది.

చిన్నత్తయ్య ఆ రాత్రి సంచీ సర్దుకుంటూ సగం చీరలు మళ్ళీ మా బీరువాలోనే పెట్టేసింది. ఎలాగూ వచ్చేస్తాను కదా, మోత దేనికంది. తర్వాత ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి, బస్సెక్కే ఓపిక పోయింది. ఇప్పుడక్కడే, దూరపు చుట్టాలింట్లో ఒక మూల గదిలో ఉంటోంది. ఆ చీరలు తీసి ఎండలో వేసినప్పుడల్లా నాకు ఆ దేశం మీదా ఈ దేశం మీదా కోపమొస్తుంది, మడత పెట్టి మళ్ళీ అక్కడే పెడతాను.

ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేస్తుంది. ఆయన దగ్గర్నించి కబురేమైనా వచ్చిందా అంటుంది, ఇంకా రాలేదంటుంది అత్తయ్య. మొన్న చిన్నత్తయ్యే ఓదార్చింది.

"పెద్ద మనిషికి ఎన్ని పనులో అక్కా. వచ్చే ఎన్నికల్లోనూ ఆయన్నే గెలిపించండి. మన పని మధ్యలో ఆగిపోకూడదు."

అత్తయ్య ఫోను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అవతల ఆవిడ నవ్వుతూ నా జవాబు కోసం చూస్తోంది. సరే చిన్నత్తయ్యా, తప్పకుండా గెలిపిస్తాం అన్నాను.