చెక్ ట్రేలో బాస్కెట్‌బాల్

కోట అనే ఊరి దగ్గర మా హైస్కూల్లో నేను డ్రిల్లు టీచరును. ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్, స్కోరు రాసే మనిషి, బంతికి గాలి కొట్టే మనిషి, అన్నీ నేనే. మధ్యాహ్నం దాటిందంటే సముద్రపు గాలి మా కోర్టు మీద పెత్తనం మొదలుపెడుతుంది. రింగుకు గురిపెట్టిన బంతి ఒక్కోసారి సైకిల్ స్టాండులో తేలుతుంది. అలాంటి చోట పాయింట్లు తెచ్చే పిల్లంటే నాకు ప్రాణం.

అందుకే నా పొడవాటి నోటుబుక్కులో పేర్లు, వాటి ఎదురుగా పాయింట్లు, అంతే ఉండేవి. జిల్లా పోటీలకు పన్నెండు మందిని ఎంచాల్సి వచ్చినప్పుడు ఆ పుస్తకం ముందేసుకుని అయిదు నిమిషాల్లో తేల్చేశాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతికి నెలంతా సున్నాలే. పొడుగ్గా ఉంటుంది, బాగా పరుగెడుతుంది, ఒక్క బంతీ వేయదు. పేరు కొట్టేశాను. నాకు తొందరెక్కువ. దాన్ని తెలివి అనుకునే జబ్బు ఇంకా ఎక్కువ.

మర్నాడు వాళ్ల నాన్న వచ్చాడు. రొయ్యల గుంటల దగ్గర మేత చూసుకునే మనిషి. గొడవకేమోనని నేను ముందే గొంతు సవరించుకున్నాను.

“పాప ఇంక ఆటే మానేస్తానంటా ఉంది మేడం. తప్పేం చేసిందో చెప్తే సర్దిచెప్పుకుంటా,” అన్నాడు.

నోటుబుక్కు అతని వైపు తిప్పాను. సున్నాల వరస మీద వేలు జరుపుతూ నిదానంగా చూశాడు.

“వేసిందంతా రాసినారు. పోయింది యాడ రాసినారు మేడం?”

“పోయిందేంది?”

“మేం గుంటలో మేత ఎంత చల్లినామో రాసుకుంటాం. అది చూసి మురిసిపోతే, తినని మేత కుళ్లి గుంట చెడిపోద్ది. అందుకని చెక్ ట్రే అని, వల పళ్లెంలో రవ్వంత మేతేసి నీళ్లలోకి దించుతాం. రెండు గంటలాగి ఎత్తి చూస్తే, మిగిలిన మేతే అసలు సంగతి చెప్తది. మీ ఆటలో అట్టాంటి ట్రే లేదా?”

నాకు చిర్రెత్తింది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడుతున్నాడు అనుకున్నాను. “చూస్తాలే అన్నా,” అని పంపించేశాను.

పంపించానే గానీ ఆ మాట నన్ను వదల్లేదు. శనివారం తోటపల్లి గూడూరు పిల్లలు మాతో ఆడటానికి వచ్చారు. పంతం కొద్దీ పుస్తకంలో రెండు కొత్త గళ్లు గీశాను. చేజార్చుకున్న బంతులకు ఒకటి, రింగుకు కొట్టుకుని వెనక్కొచ్చిన వాటిని పట్టుకుంటే ఇంకొకటి. అతని మాట తప్పని తేల్చడానికే ఆ పొడుగు పిల్లను కూడా ఆడించాను.

తేలింది వేరే. నేను నెత్తిన పెట్టుకున్న పాయింట్ల రాణి పేరు ఎదురుగా చేజార్చిన గడి గీతలతో నిండిపోయింది. పొడుగు పిల్ల గడిలో ఒకటే గీత. వెనక్కొచ్చిన బంతుల్లో సగం ఆమె చేతికే చిక్కాయి. పట్టుకోవడం, ఎవరికో అందించడం, మళ్లీ పరుగెత్తడం. రాణిగారి పాయింట్లలో చాలావాటికి బంతి అందించింది ఈమే. కాసేపు పక్కన కూర్చోబెడితే చాలు, అవతలి జట్టు మమ్మల్ని దాటిపోయింది. నెల రోజులుగా ఇదంతా నా కళ్లముందే జరుగుతోంది, నేను తల వంచుకుని పాయింట్లు రాసుకుంటున్నాను.

ఆట అయ్యాక ఆమెను పిలిచాను.

“రింగు కిందే ఉంటావు గదా, ఒక్కసారైనా నువ్వే వేయొచ్చు గదా?”

“మొదటిరోజు మీరే చెప్పినారు గదా మేడం,” అంది. “బంతి దొరికితే, మనకంటే ఖాళీగా ఎవరుండారో చూసి ఇమ్మని.”

చెప్పాను. ఏటా మొదటిరోజు చెప్పే పాఠమే అది. పాతికమంది విన్నారు, ఈమె ఒక్కతే పాటించింది, ఈమెకే నేను సున్నాలు వేశాను. “తప్పు నాదే,” అని అక్కడే ఒప్పుకున్నాను.

“అయితే నేను జట్టులో ఉండానా మేడం?”

పాత జాబితా చింపేశాను. కొత్త పేజీలో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసి, పుస్తకం ఆమె చేతికిచ్చి, ముందు నీ పేరు రాసుకో అన్నాను. పేజీ అంతా ఖాళీగా ఉంది. ఆమె కిందికి వంగి పన్నెండో అంకె పక్కన రాసుకుంది.