సింధూరి చేతికి తగిన బ్యాటు

రాజాంలో ప్లైవుడ్ షాపు నడిపే ఇంటికి కోడలు ఝాన్సీలక్ష్మి. కాలేజీ రోజుల్లో ఆమె, స్నేహితురాలు సింధూరి జంటగా టేబుల్ టెన్నిస్ ఆడేవారు. సింధూరి బ్యాటుతో బంతి అడుగును కోసినట్టు తాకి, గిరగిరా తిప్పి పంపేది. అవతలివాళ్లు తడబడి దాన్ని పైకి లేపితే ఝాన్సీ విరుచుకుపడేది. జిల్లాలో ఆ జంటను ఓడించినవాళ్లు తక్కువ.

పెళ్లయ్యాక సింధూరి శృంగవరపుకోటలో టీచరుగా స్థిరపడింది. అయినా నెలకోసారి కలిసి ఆడేవారు. ఏడేళ్ల కిందట స్కూటరు మీంచి పడి సింధూరి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, బ్యాటు పట్టిన పది నిమిషాలకే చెయ్యి పీకేది. ఇక ఆడనంది.

ఝాన్సీ క్లబ్బులో వేరేవాళ్లతో ఆడుతూనే ఉంది. కొట్టిన ప్రతిసారీ అలవాటుగా పక్కకు చూసేది. పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. సింధూరి మాత్రం ఉండేది కాదు.

ఒక రోజు షాపులో విరిగిన ప్లైవుడ్ ముక్క అంచు చూస్తూ ఉండిపోయింది. బ్యాటు చెక్క కూడా ఇలాగే పొరలు పొరలుగా అతికించిందే. బరువు లేకుండా, దెబ్బ అదురు మణికట్టుకు పాకకుండా ఒకటి తనే చేస్తే?

మొదటిది మొత్తం బూరుగు చెక్కతో చేసింది. దూదిలా తేలిక, బంతి దానిమీద పడితే ఎగరనే లేదు. రెండోసారి పడవలకు వాడే ఫైబరు గుడ్డలో పలచనిది తెప్పించి పైపొర కిందే అతికించింది. బంతి ఎగిరిపోయింది గానీ, అదురు మోచేతి దాకా వచ్చింది. మూడోదానికి బిగింపు సరిగ్గా లేక పొరలు విడిపోయాయి.

"ఏటే, మళ్లీ మొదలెట్టావా?" అన్నాడు భర్త ప్రమోద్. "ఫోన్లో ఆర్డరు పెడితే ఎల్లుండికి వస్తాది కదా."

"వస్తాది. సింధూరి సేతికి సరిపోతాదా?"

బొబ్బిలి వెళ్లి, వీణలు చేసే అసిరయ్యను పనస చెక్క అడిగింది. ఆయన చెక్కను వేలితో తట్టి చూశాడు.

"మాకు సెక్క మోగాలమ్మా. నీకేటి కావాల?"

"మోగాల. సెయ్యి మాత్రం అదరకూడదు."

ఝాన్సీ చూపించిన పాత బ్యాట్ల అంచులను, ఫైబరు గుడ్డను ఆయన తడిమి చూశాడు. "ఐతే మోగేది పైన పెట్టు. గుడ్డని లోపలికి తోసీ. మజ్జిన మెత్త సెక్క ఎయ్యి."

అలాగే చేసింది. నడుమ బూరుగు, దానికి అటూ ఇటూ ఫైబరు, వాటిమీద మళ్లీ మెత్తటి చెక్క, పైన కాగితంలా పలచగా చిత్రిక పట్టిన పనస. రెండు రోజులు బిగించి ఉంచింది. పక్కనున్న బంగారం కొట్టు త్రాసులో డెబ్బై రెండు గ్రాములే తూగింది. రెండు వైపులా రబ్బర్లు అతికించి, ఆదివారం శృంగవరపుకోట బస్సెక్కింది.

సింధూరి బ్యాటును చాలాసేపు తిప్పి చూసింది.

"ఒసే, నాకెందుకే ఇప్పుడు ఇదంతా?"

"పది బంతులు కొట్టు. నొప్పొస్తే ఒగ్గీ."

ఆమె పనిచేసే బడిలో ఒక టేబుల్ ఉంది. సింధూరి మొదటి బంతి వలలో పడింది. మూడోది కోసుకుంటూ, మునుపటిలాగే తక్కువ ఎత్తులో ఇవతలికి జారింది. ఝాన్సీ బ్యాటు ఎత్తి కూడా, బంతిని చూస్తూ వదిలేసింది.

"కొట్టవేటే?"

"నీ బంతికి నేనెప్పుడు ఎదురు నిల్సున్నానే? ఎప్పుడూ నీ పక్కనే కదా."

సింధూరి ఇంకో బంతి అందుకుంది. అరగంట ఆడారు. తర్వాత సింధూరి మణికట్టు పట్టుకుని కూర్చుంది.

"నొప్పిగా ఉన్నాదా?"

"ఉన్నాది. మునుపటంత లేదు." బల్లమీది పెన్సిలు తీసి బ్యాటు పిడిమీద రెండు గీతలు గీసి ఇచ్చింది. "ఇక్కడ కొంచెం సన్నం సెయ్యి. బొటనవేలు ఆనట్లేదు."

తిరుగు బస్సులో ఝాన్సీ ఆ గీతలను వేలితో తడుముతూ కూర్చుంది. జంటగా ఆడటానికి ఎదుట ఇంకో ఇద్దరు కావాలి. రాజాంలో ఎవరెవరున్నారా అని ఒక్కొక్కరి పేరే తలుచుకోసాగింది.