నూటొక్క మందలు

మా నాయన ఎవరి లెక్కనూ నమ్మేవాడు కాదు. సాయంత్రం గొర్రెలను దొడ్డిలోకి తోలేటప్పుడు అమ్మ లెక్కపెట్టి "అన్నీ సరిగా ఉండాయి" అన్నా సరే, వాకిట్లో నిలబడి జతలు జతలుగా మళ్ళీ తనే ఎంచేవాడు. బడి మొహం చూడలేదు గానీ, వేలి కణుపుల మీద లక్షల దాకా లెక్క వేసేవాడు. నాకు లెక్కల పిచ్చి ఆయన నుంచే వచ్చింది.

తొమ్మిదో తరగతిలో మా లెక్కల సారు బోర్డు మీద పది లక్షల ఒకటి అనే సంఖ్య వేసి, ఒకటీ అదే సంఖ్యా తప్ప దీన్ని ఏ సంఖ్యా శేషం లేకుండా భాగించదు అన్నారు. మూడుతో భాగిస్తే రెండు మిగిలింది. ఏడుతో, పదకొండుతో, పదమూడుతో కూడా రెండే. అక్కడితో ఆయన చేతులు దులుపుకున్నారు. నాకు మనసొప్పలేదు. ఆదివారాలు బలసముద్రం బీళ్ళలో గొర్రెలు మేపుతూ నోట్‌బుక్కు వెనక పేజీల్లో భాగిస్తూ పోయాను. పదిహేడుకు పది మిగిలింది. తొంభై ఏడు దాకా ఎంతో కొంత మిగులుతూనే ఉంది. నూట ఒకటికి ఏమీ మిగలలేదు. తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి, నికరంగా వచ్చింది. ఆ బీట్లో ఒక్కదాన్నే ఎగిరి గంతేశాను.

సోమవారం చూపించబోతే సారు నోట్‌బుక్కు తెరవనైనా లేదు. నాకే నేర్పిస్తావా అని పీరియడ్ అంతా నిలబెట్టారు. పదో తరగతి పాసయ్యాక నన్ను పావగడ కాలేజీలో చేర్చాలా వద్దా అని నాయన వెళ్ళి ఆయన్నే అడిగాడు. లెక్కలు రావు, పైగా ఎదురు మాట్లాడుతుంది, చదివించినా దండగే అన్నారట. నేను నోట్‌బుక్కు పట్టుకుని నాయన వెంటపడ్డాను. "ఒక్కసారి నువ్వే ఎంచి చూడు నాయనా" అని ఏడ్చాను.

"సారుకు తెలీంది నీకు తెలుసునా పాపా? పోయి పని చూడు" అన్నాడు.

గొర్రెల విషయంలో కట్టుకున్న పెళ్ళాన్నే నమ్మని మనిషి, నా విషయంలో ఎవరో చెప్పిన లెక్కను రెండోసారి ఎంచకుండా నమ్మేశాడు. సారు మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఇది మాత్రం చల్లారలేదు.

తర్వాత మా చేను సోలార్ పార్కుకు లీజుకు పోయింది. మేపే బీళ్ళు లేక గొర్రెలను అమ్మేశాం. ఇప్పుడు నేను ఆ చేలోనే ప్యానెళ్ళు కడుగుతాను. నాయన గడపలో కూర్చుని, నేను రాగానే ఈరోజు ఎన్ని కడిగావని అడుగుతాడు. ఎంచడానికి ఆయనకు ఇంకేమీ లేదు.

మొన్న అలా అడిగేసరికి ఒళ్ళు మండింది. "నూటొక్క మందలు ఉండాయనుకో నాయనా. ఒక్కో మందలో తొమ్మిది వేల తొమ్మిదినూర్ల ఒక గొర్రె. అన్నీ ఎన్ని?"

కళ్ళు మూసుకుని కణుపుల మీద బొటనవేలు ఆడించాడు. నూరు మందలు ఒకపక్క, మిగిలిన మంద ఇంకోపక్క పెట్టుకుని కూడినట్టున్నాడు. నా చేతిలో టీ చల్లారకముందే "పది లక్షల ఒకటి" అన్నాడు.

"సారు ఇది దేనితోనూ తెగదన్నాడు. తెగుతాదన్నందుకే నాకు లెక్కలు రావని నీకు చెప్పినాడు."

నాయన మళ్ళీ ఒకసారి ఎంచాడు. అంతే వచ్చినట్టుంది.

"ఆ పొద్దే చెప్పకపోతివే పాపా" అన్నాడు.

"చెప్పినాను నాయనా."