ఆయన ఓడిన శుక్రవారం

నా రెండో కాన్పు ఖతార్‌లోని అల్ ఖోర్‌లో అయింది. ఆ కాన్పుకూ బ్రిటన్ ప్రతిపక్ష నాయకుడికీ సంబంధం ఉందంటే మా అన్నదమ్ములు ఇప్పటికీ నమ్మరు.

చమురు, గ్యాస్ డబ్బు వరదలా వచ్చిపడుతున్న రోజులవి. నిన్న ఉన్న రోడ్డు ఇవాళ ఉండేది కాదు. మా ఆయన గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. ఇల్లు కంపెనీది, పాప చదివే బడి కంపెనీది, వాకిట్లో గడ్డి కూడా కంపెనీదే. మా ఇంట్లో కంపెనీ ఇవ్వనిది ఒక్క విప్లవమే. అది మా ఆయన కాలేజీ రోజుల నుంచి వెంట తెచ్చుకున్నాడు. మా పెళ్ళి దండలు మార్చుకుని, రెండు ఉపన్యాసాల మధ్య జరిగింది. ఆయన్ని ‘ఏమండీ’ అని పిలవకూడదని ఆ వేదిక మీదే నాతో ఒప్పందం చేయించారు.

శుక్రవారం వస్తే మా హాల్లో అలాంటివాళ్ళే ఓ ఏడెనిమిది మంది చేరేవారు. అందరూ ఒకప్పుడు జెండా మోసినవాళ్ళు, ఇప్పుడు పెద్ద కార్లు నడుపుతున్నవాళ్ళు. ప్రపంచంలో ఏ మూల ఏ కార్మికుడికి అన్యాయం జరిగినా మా పకోడీలు తింటూ ఖండించేవారు. మాట ఖతార్ మీదికి వస్తే మాత్రం ఎవరో ఒకరు లేచి కిటికీ మూసేవారు.

సరిగ్గా అప్పుడే బ్రిటన్‌లో ఒక పెద్దాయన ప్రతిపక్ష నాయకుడయ్యాడు. నికార్సైన వామపక్షం. రైళ్ళు మళ్ళీ ప్రభుత్వం చేతికి రావాలంటాడు, యుద్ధాలు వద్దంటాడు. సొంత పార్టీలోనే సగం మందికి దేవుడు, సగం మందికి శని. మావాళ్ళకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. మా ఆయన ప్లాంటులో ఒక ఇంగ్లీషతను ఉండేవాడు. వాళ్ళమ్మ జన్మంతా ఆ పార్టీకే ఓటు వేసిందట, ఈయన్ని చూశాక ఏం చేయాలో పాలుపోవడం లేదని కొడుకుతో అన్నదట. ఓటున్న ఆ ముసలావిడకు సందేహాలు. మావాళ్ళకు బ్రిటన్‌లో ఓటు లేదు, ఖతార్‌లో లేదు, ఇండియాలో ఉన్నా వెళ్ళి వేసినవాడు లేడు. అందుకే కాబోలు, ఎవరికీ ఏ సందేహమూ లేదు.

నాకు అమ్మ లేదు. మొదటి కాన్పులో చావు తప్పి బయటపడ్డాను. రెండోసారి నెల తప్పినప్పుడు భయంతో నిద్ర పట్టేది కాదు. నాలుగిళ్ళ అవతల ఉండే, నేను అక్కా అని పిలిచే ఆవిడే నాకు దిక్కు. వాళ్ళది జగిత్యాల వైపు. వాళ్ళాయన ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరు, మా శుక్రవారం సభలో మా ఆయనకు సరిజోడు. “నేనున్న గద చెల్లె, నీ పురుడు నేనే పోస్త” అన్నది అక్క. బాలింత పథ్యానికి శొంఠి, వాము ఇంటి నుంచి తెప్పించింది కూడా. నా భయం సగం తగ్గింది.

బ్రిటన్‌లో ఎన్నికలు ప్రకటించారు. మావాళ్ళు ఆ నాయకుడికి మద్దతుగా ఒక తీర్మానం చేయాలనుకున్నారు. అది ఎవరికి పంపుతారో ఎవరూ అడగలేదు. మా ఆయన ‘సంపూర్ణ మద్దతు’ అన్నాడు. అన్నయ్య, అంటే అక్క భర్త, ‘విమర్శనాత్మక మద్దతు’ అన్నాడు.

“సొంత పార్టీ ఎంపీలనే అదుపుల పెట్టలేనోడు దేశాన్నేం మారుస్తడు? యూరప్‌ల ఉండాల్నో పోవాల్నో గదే తేల్చి చెప్తలేడు” అన్నాడు అన్నయ్య.

“ముప్పై ఏళ్ళకి ఒక్క మనిషి దొరికితే అతనిక్కూడా వంకలేనా? ఇలాగే కదా మన దగ్గర అన్నీ ముక్కలయ్యాయి!” అన్నాడు మా ఆయన.

ఆ మాట అంటూనే సంఘాన్ని రెండు ముక్కలు చేశాడు. సగం మంది అన్నయ్య వెంట లేచిపోయారు. పకోడీలు మిగిలిపోయాయి. మన తెలుగు కామ్రేడ్లకు ఒక ఆనవాయితీ ఉంది. చీలితే తీర్మానం దగ్గర ఆగరు, అవతలివాళ్ళ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు బంద్. మమ్మల్ని అడిగినవాడు లేడు. స్త్రీ సమానత్వం మీద ఇద్దరూ గొప్పగా మాట్లాడేవారు.

ఒకరోజు సూపర్ మార్కెట్‌లో అక్క ఎదురైంది. “మా ఆయన బాగ మనసు కష్టపెట్టుకున్నడు. జర కొన్ని దినాలు ఆగు చెల్లె” అన్నది.

“నేను ఆగుతాను అక్కా, నా కడుపు ఆగదు” అన్నాను. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. ఆ దేశంలో ఎవరు గెలిస్తే నాకేం, ఎవరు ఓడితే నాకేం అని తిట్టుకున్నాను.

ఫలితాలు శుక్రవారం పొద్దున వచ్చాయి. మా ఆయన టీవీ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. నొప్పులు మొదలయ్యాయని చెప్పాను.

“ఇంకా కొన్ని సీట్లు రావాలి” అన్నాడు.

“బిడ్డ కూడా రావాలి” అని అరిచాను. అప్పటికి లేచాడు.

పాపను ఎక్కడ వదలాలి? ఇంకెవరూ గుర్తుకు రాలేదు. నేనే ముందు నడిచి అక్క వాళ్ళ తలుపు కొట్టాను. అన్నయ్య తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడలేదు, నా వెనకున్న మనిషిని చూశాడు.

“ఓడిపోయిండు” అన్నాడు.

“ఘోరంగా” అన్నాడు మా ఆయన.

ఇద్దరూ గడపలోనే కావలించుకున్నారు. ఓటమిలో వాళ్ళకు మంచి అనుభవం ఉంది. ఒకరి వీపు ఒకరు నిమురుకుంటూ, పత్రికలే ముంచాయని ఒకరు, మన తప్పులూ చూసుకోవాలని మరొకరు మొదలుపెట్టారు. నేను తలుపు రెక్క పట్టుకుని వంగిపోయాను.

“జరుగుండ్రి!” అంటూ అక్క వాళ్ళిద్దరినీ తోసుకుని వచ్చింది. భుజాన సంచి. పాప చేయి అన్నయ్య చేతిలో పెట్టి, మా ఆయన జేబులోంచి కారు తాళాలు లాక్కుంది. దారి పొడుగునా ఒక చేత్తో నడుపుతూ రెండో చేత్తో నా చేయి పట్టుకునే ఉంది. నేను చచ్చిపోనని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

మధ్యాహ్నం కొడుకు పుట్టాడు. సాయంత్రం మగవాళ్ళిద్దరూ పాపను తీసుకుని ఆసుపత్రికి వచ్చారు. ఓటమి మీద ఉమ్మడి సమీక్షా కమిటీ వేశామని, సంఘం మళ్ళీ ఒకటైందని శుభవార్త చెప్పి, బిడ్డను చూసి, టీ తాగడానికి వెళ్ళారు.

“ఆయన ఓడిపోబట్టి సరిపోయింది. గెలిచి ఉంటే ఈ ఇద్దరూ జన్మలో కలిసేవాళ్ళు కాదు, నువ్వూ వచ్చేదానివి కాదు” అన్నాను అక్కతో.

అక్క బిడ్డ పొత్తిగుడ్డలు సర్దుతూ తల కూడా ఎత్తలేదు.

“ఈ సంచి సదిరి వారమాయె” అన్నది. “ఆయన గెలిస్తే వంటింటి తలుపుకెళ్లి వచ్చేదాన్ని. ఓడిండు గాబట్టి ముందటి తలుపుకెళ్లి వచ్చిన. గంతే ఫరక్.”